నీలం గీతల చొక్కా

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అత్త నోరు మంచిది కాదు, మా ఊరూ మంచిది కాదు, కాబట్టి ఆ మాట మా విషయంలో అక్షరాలా నిజమైంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె నన్ను తిట్టని పూట లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే తిట్టేది, తక్కువైతే తిట్టేది, సరిగ్గా సరిపోతే "ఇన్నాళ్ళూ ఏం రోగం?" అని తిట్టేది. నేనూ తక్కువ తినలేదు, మాటకు మాట అప్పజెప్పేదాన్ని. మా ఆయన మా ఇద్దరి మధ్య నలిగిపోయి పెరట్లోకి పారిపోయేవాడు. ఇప్పుడు ఆమె గురించి చెబుతున్నానంటే పొగడడానికి అనుకోకండి. ఆమెకు అంత కోపం ఎందుకో తెలియనప్పుడు గయ్యాళి అనుకున్నాను. తెలిశాక అదే కోపం నాకూ పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

మా అత్త దర్జీ. ఊళ్ళో అందరికీ టైలరమ్మ. వీధిలోకి తెరుచుకునే ముందుగదే ఆమె కొట్టు. కిటికీ కింద కాలిమిషను, పక్కన పొడుగాటి బల్ల, బల్ల మీద ఇస్త్రీపెట్టె, గోడ నిండా మేకులు, మేకులకు కుట్టడం పూర్తయిన బట్టలు. మెడలో టేపు లేకుండా ఆమెను నేను చూడలేదు. మామగారు పోయినప్పటి నుంచి ఆ మిషను మీదే ఇల్లు నడిచింది. కత్తెర మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి దాంతో కాగితం కత్తిరించానని వారం పాటు నాతో మాట్లాడలేదు. ఆ వారం ఇల్లు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

డాక్టరు దగ్గర దాచిన సంగతులు కూడా దర్జీ దగ్గర దాగవు. చెయ్యెత్తమ్మా అంటే ఎత్తలేని ఆడవాళ్ళు వచ్చేవారు. వీపు మీద టేపు ఆనించగానే ఉలిక్కిపడేవారు. మండుటెండల్లో వచ్చి పొడుగుచేతులు పెట్టమని అడిగేవారు. మా అత్త ఏమీ అడిగేది కాదు, పొడుగుచేతులు పెట్టేది. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం మిషను తొక్కే తీరు మారిపోయేది. దడదడమని ఆ చప్పుడు వంటగదిలోకి వినపడిందంటే, ఇవాళ నాకు మూడిందే అనుకునేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, మా ఇంట్లో ఊరి మీద కోపం కోడలి మీద.

బొంత సంగతి ఒక వానాకాలంలో మొదలైంది. మా ఊరి పాలకేంద్రానికి వెనక ఒక గది ఉంది. పొద్దున్నే పాలు పోసిన ఆడవాళ్ళు ఖాళీ క్యాన్ల కోసం అందులో కూర్చుంటారు. వానలకు క్యాన్లు తెచ్చే వ్యాను ఆలస్యంగా వచ్చేది, కబుర్లు ఎక్కువయ్యేవి. మా అత్తకు ఎవరి చేతులు ఖాళీగా ఉన్నా గిట్టదు. ఒకరోజు కొట్లో మిగిలిన ముక్కల సంచీ తెచ్చి ఆ గది మధ్యలో కుమ్మరించింది.

"ఊరికే కూర్చుంటే నోళ్ళు ఊరి మీద పడతాయి. సూదులు పట్టండి. ముక్కా ముక్కా కలిపితే బొంతన్నా అవుతుంది," అంది.

మొదట్లో అది ఉత్త బొంతే. కోళ్ళ పెద్దమ్మ దాన్ని మార్చింది. ఆమె ఇంటి నిండా కోళ్ళు కాబట్టి ఆమెకు ఆ పేరు. ఒకనాడు కుడుతూ కుడుతూ తనను చిన్నప్పుడు బడి మానిపించి కోళ్ళు కాయమన్నారని, దాణా బస్తాల మీది అక్షరాలు చూసి తనంతట తానే చదువు నేర్చుకున్నానని నవ్వుతూ చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వు ఆగిపోయింది. ఆమెకు కుడిపక్కన మా అత్త కూర్చుని ఉంది. మర్నాడు పెద్దమ్మ ఇంటి నుంచే ఒక పాత దాణా బస్తా అడిగి తెప్పించి, దాంట్లోంచి ముక్క కత్తిరించి, దాని మీద ఎర్రదారంతో ఒక కోడిపెట్టను కుట్టింది. దాని ముక్కులో ఒక అక్షరం.

పెద్దమ్మ దాన్ని చూసి, "ఓసి నీ అసాధ్యం కూలా! ఇది నేనే కదే!" అని ఏడ్చింది.

అప్పటి నుంచి అదే మా పద్ధతి అయింది. ఎవరి కథ వాళ్ళు కుట్టుకోకూడదు. కథ చెప్పినామెకు కుడిపక్కన కూర్చున్నామె కుట్టాలి. గుడ్డ మాత్రం ఆ కథలోదే అయి ఉండాలి, కొట్లో కొన్నది పనికిరాదు. ముక్క విప్పాలంటే కథ చెప్పినామె తన నోటితో విప్పమనాలి. ఎందుకత్తా ఇన్ని షరతులు అని అడిగాను.

"ఎవరి కథ వాళ్ళు కుడితే మొగుణ్ణి మంచోణ్ణి చేసి కుడతారే పిచ్చిమొహమా," అంది.

పాలకేంద్రం సెక్రెటరీ గారి భార్య కూడా ఆ గదికి వచ్చేది. ఊరంతా ఆమెను వెనకాల చెవిటమ్మ అనేవారు. నేను వదిన అనేదాన్ని. ఎడమచెవి బొత్తిగా వినపడదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయిందని సెక్రెటరీ అందరికీ చెప్పేవాడు. "మా ఆవిడకు చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే" అని నలుగురిలో నవ్వించేవాడు, జనం నవ్వేవారు. ఆమె నెలల తరబడి ఒక మూల కూర్చుని అందరికీ సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చింది. నోట్లో నాలుక లేదనుకున్నాం.

ఒకరోజు ఆమె లేచి వచ్చి మా అత్తకు ఎడమపక్కన కూర్చుంది. అంటే మా అత్త ఆమెకు కుడిపక్క. మా పద్ధతి తెలిసినవాళ్ళందరి సూదులూ ఆగిపోయాయి.

"నాకు జ్వరమూ రాలేదు, గిరమూ రాలేదు," అంది వదిన. "ఆయన మొదటిసారి సెక్రెటరీ అయిన రోజు. కొత్త చొక్కా వేసుకున్నాడు. అద్దం ముందు మెడ గుండీ పెట్టుకుంటుంటే పుటుక్కున ఊడి కింద పడింది. మీటింగుకి నన్నిలా పంపుతావా అని అరచేత్తో చెవి మీద ఒక్కటిచ్చాడు. చెవిలో ఈగ దూరినట్టు గుయ్యిమంది. తర్వాత పిన్నీసు పెట్టుకుని వెళ్ళి చప్పట్లు కొట్టించుకున్నాడు. నేను గుండీ వెతికి తీసి దాచాను. ఆయన తిరిగొచ్చాక కుట్టాను. ఆ ఈగ మాత్రం ఇంకా పోలేదు."

మా అత్త మొహం చూసి నాకు భయం వేసింది. ఆ చొక్కా, నీలం గీతల చొక్కా, కుట్టింది ఆమే.

ఆ రోజు ఇంటికొచ్చాక నన్ను తిట్టలేదు, అన్నం ముట్టలేదు. మిషను ముందు ఊరికే కూర్చుంది. ఏమిటత్తా అని దగ్గరికి వెళితే ఒక్కసారిగా పగిలింది.

"ఆ రోజు తొందరపెట్టాడే! గుమ్మంలో నిలబడి ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అని. మెడ గుండీ ఒంటిదారంతో కుట్టి ఇచ్చేశాను. నా చేతిపని అది. సరే, ఊడింది. గుండీ ఊడితే గుండీ కుడతారు! చెవి ఊడగొడతారా? నా దగ్గరికి రావచ్చుగా! నన్ను తిట్టొచ్చుగా! నన్ను తిట్టే ధైర్యం లేదు వెధవకి, ఇంట్లో ఉన్నదాని మీద పడ్డాడు!"

"తప్పు నీది కాదత్తా," అన్నాను.

"నాది కాదని నాకు తెలీదా? తెలిస్తే కోపం తగ్గుతుందా?" అని నా మీదే లేచింది. ఆ కాస్తా తిట్టాక ఆమె ప్రాణం కుదుటపడింది, నాదీ పడింది.

సెక్రెటరీకి ఆ చొక్కా కలిసొచ్చిందని నమ్మకం. ఏళ్ళ తరబడి ప్రతి మీటింగుకీ అదే వేసుకున్నాడు. పాలకేంద్రం హాల్లో గోడ మీది ఫొటోలోనూ అదే చొక్కా. బాగా చిరిగాక తుడుపుగుడ్డ చేయమని విసిరేస్తే వదిన ఉతికి దాచింది. దాన్ని తెచ్చి మా అత్తకిచ్చింది. మా అత్త దాంట్లోంచి పెద్ద చెవి ఆకారం కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టింది. చెవి మధ్యలో, రంధ్రం ఉండాల్సిన చోట, ఆ మెడ గుండీనే పెట్టింది. ఈసారి దారం ఎన్ని పేటలు వేసిందో ఆమెకే తెలియాలి. ఏనుగు లాగినా ఊడదు.

మేము చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. బొంత మీద ఎవరి పేరూ రాయం కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నాం. గుడ్డ ఆ కథలోదే కావాలని మేమే షరతు పెట్టుకున్నాం. ఆ చొక్కాను ఊరంతా ఏళ్ళ తరబడి చూసింది, పైగా ఫొటో కట్టించి గోడకు తగిలించారు. ఇక పేరుతో పనేముంది? ఇంతమందిమి కూర్చుని కుట్టాం, ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

పాలసంఘం ఏడాది మీటింగు దగ్గరపడింది. పెద్దాఫీసు నుంచి అధికారులు వస్తున్నారు. మా ఊరి ఆడవాళ్ళు బొంత కుడుతున్నారని సెక్రెటరీ వాళ్ళకు ముందే గొప్పలు చెప్పుకున్నాడు. దాన్ని ఒక్కసారన్నా చూస్తే కదా! ఆడవాళ్ళ కుట్లలో చూడటానికేముందని ఆయన లెక్క. మీటింగుకు ముందురోజు బొంతను తెప్పించి, వేదిక వెనక, మా గది తలుపుకు అడ్డంగా తాడు మీద వేయించాడు. వెనక్కి జరిగి ఎలా ఉందో చూశాడు. అప్పుడు కళ్ళబడింది ఆ చెవి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పేరు లేని ముక్క కోసం పరుగెత్తుకుంటూ మా కొట్టుకు వచ్చాడు. వెనకాల వదినను రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

"పిన్నీ, ఆ ముక్క విప్పెయ్," అన్నాడు.

"ఏ ముక్క నాయనా?" అంది మా అత్త, మిషను ఆపకుండా.

"నీకు తెలీదా? ఆ చెవి ముక్క. రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు. నా పరువు ఏం కావాలి?"

"దాని మీద నీ పేరుందా? నాకు సరిగ్గా కనపడదు, కోడల్ని అడుగుదాం. ఏమే, ఉందా?"

"లేదత్తా," అన్నాను.

సెక్రెటరీ మొహం కందిపోయింది. "ఎకసెక్కాలొద్దు పిన్నీ. ఆ గది తాళం నా దగ్గరుంది. పాలలో వెన్నశాతం చూసేదీ నేనే. రేపటి నుంచి ఎవరి పాలు పలచన అంటే వాళ్ళవి పలచన. ఆ కత్తెర ఇలా ఇయ్యి, నేనే విప్పుకుంటాను."

మా అత్త మిషను ఆపింది. కత్తెర తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నీ మొదటి నిక్కరు కుట్టింది నేనురా. మూడుసార్లు తడిపి తెస్తే మూడుసార్లు ఉతికి మళ్ళీ బిగించి ఇచ్చాను. నా కత్తెర అడిగేంత పెద్దవాడివయ్యావా? అది మా పద్ధతిరా. కథ చెప్పినామె విప్పమంటే విప్పుతాను. నీ పెళ్ళామేగా, అడుగు."

అతను వదిన భుజం పట్టుకుని కుదిపాడు. "చెప్పు. విప్పమని చెప్పు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె ఒప్పుకుంటే తప్పుపట్టే హక్కు మాలో ఎవరికీ లేదు. మేము మా ఇళ్ళకు పోతాం, ఆమె ఆ మనిషి వెనకే పోవాలి. వదిన అతని వైపు చూడలేదు. మెల్లగా మెడ తిప్పి, ఎడమచెవి అతని వైపు పెట్టింది. వినపడని చెవి. అతను మళ్ళీ అరిచాడు. ఆమె కదల్లేదు. మా అత్తను చూస్తూ అంది:

"విప్పొద్దు పిన్నీ."

మర్నాడు పొద్దున్నే పాలు పోయడానికి వెళ్ళిన ఆడవాళ్ళకు బొంతలో చిల్లు కనపడింది. బ్లేడుతో కోశాడు. తెల్లగుడ్డతో సహా, పక్కనున్న కోళ్ళ పెద్దమ్మ కోడి తోక కూడా సగం తెగిపోయేటట్టు కోశాడు. కోసిన ముక్క పొయ్యిలో పడేశాడని వదిన చెప్పింది. చిల్లు మీద పిన్నీసులతో ఆవు బొమ్మ పోస్టరు ఒకటి తగిలించాడు. పాలు ఆరోగ్యానికి మంచివని దాని కింద రాసి ఉంది.

కొందరికి లోలోపల హమ్మయ్య అనిపించిన మాట నిజం. "పోనీలే టైలరమ్మా," అంది ఒకామె. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పాలు ఎక్కడ పోసుకుంటాం?"

మా అత్త ఆమెను తిట్టలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. "నీ భయం నాకు తెలుసమ్మా. నీకు పొడుగుచేతులు పెట్టిచ్చింది నేనేగా," అని మాత్రం అంది. ఆమె తల దించుకుంది. తర్వాత బొంత తీసుకుపోదామని మా అత్త తాడు మీద చెయ్యి వేస్తే వదిన అడ్డం వచ్చింది.

"తియ్యొద్దు పిన్నీ. ఉండనీ."

హాలు నిండింది. మగవాళ్ళు కుర్చీల్లో, మేము వెనక బల్లల మీద. వేదిక మీద అధికారులు. సెక్రెటరీ కొత్త చొక్కాలో లేచి నిలబడ్డాడు, అతని వెనకాలే బొంత. నేను మా వాళ్ళలో వదిన కోసం వెతికాను, కనపడలేదు.

"మా సంఘానికి ఆడవాళ్ళే అండ," అని మొదలుపెట్టాడు. "వాళ్ళ కష్టసుఖాలు వినడం మా బాధ్యత. మా ఊళ్ళో ఏ ఆడమనిషి గొంతైనా మాకు వినపడుతుంది."

అతని వెనక ఆవు బొమ్మ ఊగింది. ఒక పిన్నీసు ఊడింది, తర్వాత ఇంకొకటి. ఆవు కింద పడింది. మగవాళ్ళు నవ్వారు. చిల్లులోంచి ఒక చెవి కనపడింది. గుడ్డది కాదు. బొంత వెనక, మా గది గుమ్మంలో నిలబడి, వదిన తన ఎడమచెవిని ఆ చిల్లుకు ఆనించి పెట్టింది.

నవ్వు ఆగిపోయింది. సెక్రెటరీ వెనక్కి తిరిగి చూశాడు.

"కొంచెం గట్టిగా చెప్పండి," అంది వదిన గొంతు బొంత వెనక నుంచి. "ఈ చెవికి వినపడదు. ఎందుకు వినపడదో కూడా మీరే చెప్పండి."

ఒక్కొక్కరి తలా గోడ మీది ఫొటో వైపు తిరిగింది, నీలం గీతల చొక్కా వైపు. ముక్క కాలిపోయినా ఫొటో ఉంది. పొద్దున్న బొంత చూసిన ఆడవాళ్ళు ఇంటికెళ్ళి చెప్పకుండా ఉంటారా? కోళ్ళ పెద్దమ్మ వెనక నుంచి లేచి, "చెప్పు బాబూ, మేమూ వింటాం!" అని అరిచింది. మేమందరం లేచి నిలబడ్డాం. పొద్దున్న పోనీలే అన్నామె కూడా లేచింది. ముందు కుర్చీల్లో మగవాళ్ళు మాత్రం ఒక్కరూ లేవలేదు. మా ఆయన కూడా లేవలేదు. ఆ సంగతి ఇంటికెళ్ళాక నేను చూసుకున్నాను.

తర్వాత ఏమైందని అడుగుతారు. ఏమీ కాలేదు! అధికారులు గడియారాలు చూసుకుని, ఇది ఇంటి విషయమని చెప్పి వ్యానెక్కి వెళ్ళిపోయారు. అతను ఇప్పటికీ సెక్రెటరీయే. మా గదికి తాళం పడింది, మా పాలు పలచనయ్యాయి. వదిన అదే ఇంట్లో ఉంటోంది, ఎక్కడికి పోతుంది? ఆ మీటింగు తర్వాత అతను ఆమె మీద చెయ్యెత్తలేదట. దానికి అతన్ని మెచ్చుకునేవాళ్ళు కూడా మా ఊళ్ళో ఉన్నారు. కొట్టని మొగుడికి దండం పెట్టాలట! ఈ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు మేము మా కొట్లోనే కూర్చుంటున్నాం. మేకుల కింద, బల్ల చుట్టూ, మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతూ. మొదటిరోజు బొంతను బల్ల మీద పరిచి, ఆ చిల్లును ఏం చేయాలని తర్జనభర్జన పడ్డాం. తెల్లగుడ్డ వేసి మూసేద్దామని ఒకరు, అలాగే వదిలేద్దామని ఒకరు. చిరుగు పెరగకుండా అంచు మడిచి కుట్టాలి అని మా అత్త.

అప్పుడే వదిన వచ్చింది. చేతిలో సంచీ ఉంది. చిల్లు వైపు చూసి, "దానికింత ఆలోచనెందుకు?" అంది. సంచీలోంచి ఒక చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. గోధుమరంగుది, ఒక చెయ్యి భుజం దగ్గర చిరిగి ఉంది.

"ఆయన చొక్కాలు ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయి పిన్నీ. ఇది వేరే రోజుది."

మా అత్త ఆ చొక్కాను చాలాసేపు చూసింది. భుజం కుట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. అదీ ఆమె కుట్టినదే. తర్వాత తనకు ఎడమపక్కన కూర్చున్న నన్ను మోచేత్తో పొడిచింది.

"లేవవే, చోటివ్వు," అంది నాతో. వదినతో, "కూర్చో. మొదటి నుంచి చెప్పు," అంది.